మా అత్తయ్య మింగేసిన పాఠం

మంగళవారం ఉదయం ఫోను మోగేసరికి నేను ఆఫీసులో ఒక పెద్దాయనకి కులం సర్టిఫికెట్టు సంగతి చెబుతున్నాను. సర్వరు పనిచెయ్యడం లేదు, మధ్యాహ్నం రమ్మంటున్నాను. "మధ్యాహ్నం అంటే ఎన్నింటికండీ?" అని ఆయన. "అది సర్వరుకి తెలియాలండి" అని నేను. ఫోనులో బావ, "అమ్మ వెళ్ళిపోయిందే" అన్నాడు. బావంటే నా భర్త. వాళ్ళమ్మ నాకు సొంత మేనత్త. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, వరండాలో కుర్చీలో అలాగే ఉండిపోయిందట. డాక్టరు వచ్చి గుండె ఆగిపోయిందని చెప్పి వెళ్ళాడట. "సరే, వస్తున్నాను" అని ఫోను పెట్టేశాను.

నా ముఖంలో ఏం కనబడిందో, ఆ పెద్దాయన "ఇంట్లో ఏవైనా అయ్యిందాండి?" అని అడిగాడు. మా అత్తగారు పోయారని చెప్పాను. "అయ్యయ్యో, వెళ్ళండమ్మా, వెళ్ళండి. నా సర్టిఫికెట్టు ఎక్కడికి పోద్ది, రేపొస్తాను" అని తనే బయటికి నడిచాడు.

మురమళ్ళలో అమలాపురం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపొస్తుందనుకుంటే నిద్రొచ్చింది. నిజంగానే నిద్రపోయాను. కండక్టరు లేపితే గాని స్టాండు వచ్చిందని తెలియలేదు. అత్తగారు పోయిన కబురు విని బస్సులో నిద్రపోయిన కోడలు ఈ సీమలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఏం చెయ్యను, ఆ అలసట ఆ రోజుది కాదు. ఏళ్ళ తరబడి ఒంట్లో పేరుకున్నది. అందులో సగం ఆవిడ వల్ల వచ్చింది, మిగతా సగం ఆవిడే నాతో పాటు మోసింది.

ఈ నాలుగు ముక్కలు చదివేవాళ్ళలో చాలామందికి ఆవిడ జువాలజీ మేడమ్. అమలాపురం కాలేజీలో చదివిన వాళ్ళు ఎవరు ఎదురుపడినా "మేడమ్ గారు బాగున్నారాండి?" అని అడిగేవారు. రాజోలులో మెడికల్ షాపు ఆయన, కొత్తపేటలో మందుల కంపెనీ కుర్రాడు, మా ఆఫీసుకి పనిమీద వచ్చిన టీచరమ్మ, అందరిదీ ఒకటే మాట. "కప్పని కొయ్యమంటే నేను ఏడ్చేసేనండి. మేడమ్ గారు నా చెయ్యట్టుకుని కోయించేరండి." ఇదే కథ ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. అందరి చేతులూ ఆవిడే పట్టుకుందేమో మరి.

ఇంట్లో ఆవిడ వంట మాత్రం అడక్కండి. పులుసు పెడితే ఒకరోజు ఉప్పుండదు, ఒకరోజు ఉప్పు తప్ప ఏమీ ఉండదు. రొయ్యలమ్మే ఆవిడ బుట్ట దించితే బేరం పక్కనబెట్టి, ఒక రొయ్యని చేతిలోకి తీసుకుని, దాని గుండె ఎక్కడుందో ఆవిడకే చూపించేది. "ఆయ్, రోజూ చూత్తానండి, దాని గుండె నాకెందుకండి, తీసుకుంటారా లేదా?" అని ఆవిడ విసుక్కునేది. అత్తయ్యకి కోపం రాకపోగా, ఎండాకాలం మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి మిగతా పాఠం పూర్తి చేసేది. గుమ్మంలోకి ఎవరు అడుగుపెట్టినా ఆవిడ నోట్లోంచి వచ్చే మొదటి మాట, "ముందు చేతులు కడుక్కోండి, తర్వాత మాట్లాడుకుందాం." ఎమ్మెల్యే వచ్చినా అదే మాట. దిష్టి తగిలిందని ఎవరైనా అంటే, "దిష్టి అని పేరు పెట్టేస్తే ఇంక కారణం వెతకరు, మీకదే కావాలి" అనేది.

అలాంటి మనిషి నన్ను కోడలిగా తెచ్చుకుంది. అక్కడే ఉంది అసలు సంగతి.

నేను పుట్టినప్పుడు మేనత్త హోదాలో నన్ను ఒళ్ళోకి తీసుకుని, "నా కోడలు పుట్టింది" అందట. మా వైపు ఆడపిల్ల పుడితే మేనత్తలు అనే మాటే అది. సగం సరదా, సగం ముద్దు. మా నాన్న మాత్రం ఆ మాటని దాచుకున్నాడు. నా చిన్నప్పుడే మా అమ్మ పోయింది. తల్లి లేని పిల్లని తెలియని ఇంటికి ఎలా పంపుతానన్న దిగులు ఆయనకి రాత్రీ పగలూ ఉండేది. నా చదువు అయ్యీ అవ్వగానే కొత్తపేట నుంచి అమలాపురం వచ్చి, "అక్కా, ముహూర్తం పెట్టించమంటావా?" అన్నాడు.

అత్తయ్య వెంటనే ఒప్పుకోలేదు. ఏటా కాలేజీలో వంశవృక్షాల పాఠం చెప్పేది ఆవిడే. మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు వేసి, దగ్గర బంధువుల పెళ్ళయితే మధ్యలో రెండు గీతలు గీయాలని నేర్పేది ఆవిడే. తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఆ పాఠమంతా చెప్పింది. నాన్న విన్నాడు. "మన అమ్మా నాన్నా మేనరికం కాదా? మనకేవయ్యిందక్కా? మన ఊళ్ళో సగం ఇళ్ళు మేనరికాలే, అందరూ బాగానే ఉన్నారు కదా" అన్నాడు. "అందరికీ ఏవీ అవ్వదురా. ఎవరికవుతుందో ముందు తెలీదు" అంది ఆవిడ. నాన్న భోజనం చెయ్యకుండా లేచి వెళ్ళి అరుగు మీద తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి అత్తయ్య వెళ్ళి పక్కన కూర్చుంది. అంతే, పెళ్ళి కుదిరిపోయింది. "మా తమ్ముడి ముఖం చూసి నా పాఠం మింగేసేనే" అని తర్వాత నాతో తనే చెప్పింది. నాకూ బావంటే ఇష్టమే, దాచడం ఎందుకు. ఆ రోజు నన్నడిగినా నేనూ అటే అనేదాన్ని.

మొదట బాబు పుట్టాడు. తెల్లగా, బొద్దుగా, ఊళ్ళో వాళ్ళంతా ఎత్తుకుని ముద్దాడేలా ఉన్నాడు. కొన్ని నెలలకి నోట్లో తెల్లపూత మొదలైంది. తగ్గడం, రావడం. తర్వాత దగ్గు. పాలు తాగినా ఒళ్ళు చెయ్యడు. పుట్టగానే భుజం మీద వేసిన క్షయ టీకా పుండు ఎంతకీ మానదు, రసి కారుతూనే ఉంది. అమలాపురంలో చూపించాం, కాకినాడలో చూపించాం, రాజమండ్రిలో చూపించాం. ఒక్కోచోట ఒక్కో మందు. చుట్టాలు తాయెత్తు తెచ్చారు, అత్తయ్య చూడనట్టు ఊరుకుంది. ఆవిడ ఊరుకుందంటేనే నాకు భయమేసింది. చివరికి మద్రాసులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి వాడు పాలు తాగడానికి కూడా ఆయాసపడుతున్నాడు.

అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్షలన్నీ చూసి, తెలుగు ఆవిడే, నెమ్మదిగా చెప్పింది. బాబు ఒంట్లో జబ్బుతో పోరాడే కణాలు తయారవ్వడం లేదు. టీకాలో ఉండే బలహీనమైన క్రిమి కూడా వాడికి బలమైనదే అయి ఒళ్ళంతా పాకింది. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, రెండూ చెడ్డ జన్యువులే వచ్చాయి. అంతా చెప్పి, "మీరిద్దరూ దగ్గర బంధువులాండి?" అని అడిగింది.

నేను, బావ తలొంచుకున్నాం. పక్క కుర్చీలోంచి అత్తయ్య అంది. "ఆయ్. నేనే చేసేనండి ఈ పెళ్ళి. జువాలజీ చెబుతానండి నేను."

మూలుగ మార్పిడి చెయ్యడానికి అప్పటికే ఆలస్యమైపోయింది. వాడు అక్కడే పోయాడు. మద్రాసు నుంచి అమలాపురం దాకా కారులో తీసుకొచ్చాం. ఆ ప్రయాణం గురించి ఇంతకు మించి రాయలేను.

తర్వాత నేను అత్తయ్యతో మాట్లాడటం మానేశాను. అన్నం పెట్టమంటే పెట్టడం, అడిగితే ఊ అనడం. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, రావడంలో తప్పేమీ లేదు. మా నాన్న విన్నా ఆయనకి ఎక్కలేదు, బావకి తెలియదు, నాకు తెలియదు. తెలిసినది ఆవిడ ఒక్కతే. ఆవిడ కూడా నన్ను క్షమించమని అడగలేదు. ఏడవలేదు. కాలేజీ లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకాలు తెచ్చుకుని చదివేది. చదువు అయ్యాక పాత చీరలు ముందేసుకుని బొంత కోసం ముక్కలు కత్తిరించేది.

ఒక సాయంత్రం వరండాలో ఆవిడ ముక్కలు ఏరుకుంటుంటే నేను పక్కన పడున్న కత్తెర తీసుకుని ఊరికే గాల్లో ఆడిస్తున్నాను. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా. అత్తయ్య తలెత్తి, "ఖాళీ కత్తెర ఆడించకే, ఇంట్లో గొడవలొస్తాయి" అంది. దిష్టిని నమ్మని మనిషి! నాకు నవ్వొచ్చింది. వాడు పోయాక అదే మొదటి నవ్వు, అదీ మంచి నవ్వు కాదు. "ఇంకేం గొడవలు మిగిలేయత్తయ్యా?" అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి కత్తెర తీసుకుంది. "బాబుకి ఏవయ్యిందో చెబుతాను, వింటావా?" అంది. నేను కామర్సు చదివిన దాన్ని. సైన్సంటే నాకు బెదురు. కాని వద్దనలేకపోయాను.

"మన ఒంట్లోకి ఏ పురుగు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. అందుకని కాపలా కణాలు పుట్టేటప్పుడే, ఒక్కొక్కటీ ఒక్కో రకం కొక్కెం తయారు చేసుకుంటుంది. దేనికో ఒకదానికి ఏదో ఒక కొక్కెం తగులుకుంటుంది. మరి అన్ని కోట్ల నమూనాలు అమ్మా నాన్నా ఇవ్వలేరు కదా? ముక్కలిస్తారు, అంతే. ఇదిగో ఇలాగ." చీర ముక్కలు మూడు కుప్పలుగా పెట్టింది. "ఈ కుప్పలోంచి ఒకటి, దీన్లోంచి ఒకటి, దీన్లోంచి ఒకటి. మధ్యలో ఉన్నది కత్తిరించి పారేసి, అంచులు కలిపి కుట్టుకుంటుంది. కుట్టే దగ్గర ఒకటీ అరా పోగులు అటూ ఇటూ అవుతాయి. అదీ మంచికే, ఏ రెండు బొంతలూ ఒక్కలాగ ఉండవు."

"జన్యువుల్నే కత్తిరించేస్తుందా?" అన్నాను. నాకది భయంగా అనిపించింది.

"అందుకేనే అంత జాగ్రత్త. ఆ కత్తెర ఒంట్లో ఇంకే కణం దగ్గరా బయటికి రాదు. మూలుగలో పుట్టే ఈ కణాలూ, గుండె మీద థైమస్ అని చిన్న గ్రంథి ఉంటుంది, అందులో పెరిగే కణాలూ, అవే తీస్తాయి. అవి కూడా ఆ వయసులోనే. ముందు పెద్ద ముక్క కుడుతుంది. అది కుదిరిందని తెలియగానే కత్తెర లోపల పెట్టేస్తుంది. ఎందుకంటే తర్వాత ఆ కణం ఒకటికి రెండు, రెండుకి నాలుగు అవ్వాలి. పెరిగేటప్పుడు చేతిలో కత్తెరుంటే కొయ్యకూడనిది కోసేస్తుంది, కేన్సర్లొస్తాయి. పెరగడం అయ్యేక మళ్ళీ తీసి చిన్న ముక్క కుడుతుంది. అమ్మ ఇచ్చిన మూట ఒకటి, నాన్న ఇచ్చిన మూట ఒకటి ఉంటాయా, ఒక మూటలో పని అయిపోతే రెండో మూట విప్పదు. ఒక కణానికి ఒక్కటే కొక్కెం."

"ఆ కొక్కెం మన ఒంటికే తగులుకుంటే?"

అత్తయ్య నా వైపు చూసింది. పాఠం అర్థమైన పిల్లని చూసే చూపు. ఆ దుఃఖంలో కూడా ఆవిడలో మేడమ్ పోలేదు. "అప్పుడు మళ్ళీ కత్తెర తీసి, విప్పి, వేరే ముక్క పెట్టి చూస్తుంది. అప్పటికీ కుదరకపోతే తనే చచ్చిపోతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఎప్పుడు మొదలెట్టాలో, ఎప్పుడు చాలించాలో, ఎక్కడ వద్దనుకోవాలో దానికి తెలుసు." మూడు కుప్పలూ దగ్గరికి లాగి, "మన బాబుకి కత్తెర మొండిది. ఒక్క ముక్కా తెగలేదు. ముక్కలన్నీ ఉన్నాయి పాపం, ఒక్క కొక్కెం కూడా తయారవ్వలేదు" అంది.

"ఆ మొండి కత్తెర మీ ఇంటిదా, మా ఇంటిదా?" అన్నాను. గుచ్చాలనే అన్నాను.

"రెండూ ఒక్క ఇల్లే కదే. మా అమ్మో నాన్నో, ఎవరో ఒకరు, నాకొకటి ఇచ్చేరు, మీ నాన్నకొకటి ఇచ్చేరు. మాకు రెండో కత్తెర మంచిదుంది, మేం బతికేసేం. నేను మీ బావకిచ్చేను, మా తమ్ముడు నీకిచ్చేడు. ఆ రెండు మొండివీ కలిసి వాడి దగ్గర చేరేయి." గొంతు మామూలుగానే ఉంది. చేతిలో గుడ్డ మాత్రం తిన్నగా తెగలేదు.

ఆ సాయంత్రం తర్వాత మళ్ళీ మాటలు కలిశాయి. కోపం పోయిందని చెప్పను. కోపాన్ని నిలబెట్టుకోవడానికి కూడా ఓపిక కావాలి, నాకు లేకపోయింది.

మళ్ళీ కడుపు పండినప్పుడు ఇంట్లో సంతోషం ఎవరికీ లేదు. డాక్టరమ్మని అడిగి అన్నీ ముందే అనుకున్నాం. పుట్టగానే బొడ్డుతాడు రక్తం పరీక్షకి పంపాలి. ఇలాంటి బిడ్డే అయితే, జబ్బులేమీ అంటకముందే మూలుగ మార్పిడి చేస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. అప్పటిదాకా ఒక్క దగ్గు, ఒక్క జలుబు దగ్గరికి రాకూడదు. నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళు బాగుండే అవకాశమే ఉందని అత్తయ్య నాకు రోజూ చెప్పేది. తనకి తను చెప్పుకునేదని నాకు తెలుస్తూనే ఉండేది.

పాప పుట్టింది. నర్సు టీకా ట్రే పట్టుకుని వస్తే అత్తయ్య లేచి అడ్డంగా నిలబడింది. "ఈ పిల్లకి ఇప్పుడే వద్దమ్మా." నర్సు, "పుట్టిన పిల్లలందరికీ వేసేదేనండి, కార్డులో రాయాలండి" అంది. "అందరికీ వెయ్యాల్సిందేనమ్మా, నేనే పంపిస్తాను అందర్నీ. ఈ ఒక్క పిల్లకి పరీక్ష వచ్చేదాకా ఆగండి. మీ డాక్టరు గారికి చెప్పే ఉంచేం" అంది. ఆ మాట ఉత్తుత్తిది కాదు. చుట్టుపక్కల ఏ ఇంట్లో పిల్ల పుట్టినా టీకాకి తీసుకెళ్ళారా లేదా అని వెంటపడి అడిగే మనిషి ఆవిడ.

పరీక్ష వచ్చింది. పాప కూడా బాబు లాంటిదే.

మార్పిడికి ఏర్పాట్లు అయ్యేదాకా ఇంట్లో మేడ మీద గదిలో నేనూ పాపా ఉన్నాం. కింద గేటు దగ్గర అత్తయ్య ఉంది. బారసాల లేదు, ఉయ్యాల లేదు, పేరంటం లేదు. కోనసీమలో బిడ్డ పుట్టిన ఇంటికి చుట్టాలు రాకుండా ఆపడం అంటే మాటలా? వచ్చినవాళ్ళందర్నీ "చాలా సంతోషమండి, మళ్ళీ రండి" అంటూ నవ్వుతూ గేటు బయట నుంచే పంపేసేది. కొందరు నొచ్చుకున్నారు. "మేడమ్ గారికి పెద్దతనం వచ్చి మర్యాద పోయింది" అన్నారు. ఎవరేమన్నా ఆవిడ "ఆయ్, అవునండి" అనేది.

ఒక రోజు మా నాన్న వచ్చాడు. మేడ మీద కిటికీలోంచి చూశాను. చేతిలో చిన్న పట్టు గౌను ఉన్న సంచి. ఆటో దిగుతూనే దగ్గాడు.

"నువ్వు లోపలికి రాకురా తమ్ముడూ" అంది అత్తయ్య.

"ఇది దగ్గు కాదక్కా, గొంతులో గరగర."

"ఆ గరగర చాలు దానికి."

"గదిలోకి రాను. గుమ్మంలోంచి ఒక్కసారి చూసి పోతాను. నా మనవరాలు కాదా అది? నా రక్తం కాదా?"

"నీ రక్తమే. నా రక్తమే. అందుకే ఇలా అయ్యింది."

నాన్న గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ ముఖం నాకు పైనుంచి కూడా తెలుస్తోంది. తువ్వాలు అడ్డం పెట్టుకుంటే ఆవిడ కరిగిపోయిన ముఖమే అది. ఇప్పుడు కూడా కరిగిపోతుందనుకున్నాను.

అత్తయ్య గేటు గొళ్ళెం మీద చెయ్యేసి, తల పక్కకి తిప్పుకుంది. "అప్పుడు నీ ముఖం చూసి ఊరుకున్నాను. ఇప్పుడు చూడను. వెళ్ళు" అంది.

నాన్న సంచి గేటుకి తగిలించి వెళ్ళిపోయాడు. అత్తయ్య ఆ గౌనుని వేడినీళ్ళలో ఉడకబెట్టింది. పట్టు కదా, పాడైపోయింది. అది చేతిలో పట్టుకుని పెరట్లో చాలాసేపు ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

మూలుగ ఎవరిది సరిపోతుందో చూడటానికి ఇంట్లో అందరి రక్తం తీశారు. బావది సగమే కలిసింది, నాదీ సగమే, నాన్నదీ అంతే. అత్తయ్యది పూర్తిగా కలిసింది. డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. "మేనరికం ఇళ్ళల్లో ఒక్కోసారి ఇలా కలుస్తుందండి. పాపకి రెండు వైపుల నుంచీ మీ పుట్టింటివే వచ్చాయి. వయసు కాస్త ఎక్కువే గాని, ఇంతకంటే బాగా కలిసేది మనకి దొరకదు" అంది. చెడ్డ జన్యువు ఆవిడలో కూడా ఒకటుంది గాని, రెండోది మంచిది కాబట్టి పనికి వస్తుందట.

బయటికి వచ్చాక అత్తయ్య నవ్వింది. "చూసేవా, ఇంత చేసిన దాని మూలుగే కావాలట దీనికి" అంది.

నడుం దగ్గర ఎముకలోంచి మూలుగ తీశారు. మర్నాడు కుంటుకుంటూ మా గది అద్దం దగ్గరికి వచ్చి నిలబడింది. కుర్చీ తెస్తానంటే వద్దంది. అద్దానికి అవతల పాపకి సంచిలోంచి చుక్క చుక్క ఎక్కుతున్నది చూస్తూ, "నా పాత కొక్కేలు దీనికి పనికి రావే. ఇవి దీని ఒంట్లో కొత్తగా పుట్టి, కొత్తగా కత్తిరించుకుని, కొత్తగా కుట్టుకోవాలి. చాలా కాలం పడుతుంది. ఓపిక పట్టు" అని ఫోనులో చెప్పింది. ఓపిక పట్టు అన్న మాటంటే అప్పటికే నాకు ఒళ్ళుమంట. అయినా పట్టాను. ఆవిడ నడుం నొప్పి ఆ తర్వాత పూర్తిగా తగ్గలేదు. రోజూ బామ్ రాసేదాన్ని. రాయించుకుంటూ ఒక్కనాడూ తను ఇచ్చినదాని ఊసెత్తలేదు.

ఎన్ని ప్రయాణాలు, ఎన్ని సూదులు, ఎన్నిసార్లు కుదిరింది, కుదరలేదు అనుకున్నామో రాస్తూ పోతే మీరు కూడా అలసిపోతారు. పాప బతికింది. ఇప్పుడు నాలుగో తరగతి. ఎక్కాలు రావు, డాన్సు వచ్చు.

మేడమ్ గారు పోయారని తెలిసి ఆ మంగళవారం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. అత్తయ్య దగ్గర చదివి, ఇప్పుడు రాజోలు వైపు లెక్చరరుగా చేస్తున్న ఒకావిడ నా పక్కన కూర్చుని చెప్పింది. "మీ బాబు పోయిన ఏడు వంశవృక్షాల పాఠం వచ్చిందండి. క్లాసులో ఒకమ్మాయి లేచి, మరి మీరెందుకు చేసేరు మేడమ్ అని అడిగేసిందండి. మేమంతా బిక్కచచ్చిపోయేం. మేడమ్ గారు బోర్డు మీద చదరాలూ సున్నాలూ వేసి, రెండు గీతలు గీసి, కింద ఒక చదరానికి నల్లగా రంగేసి, ఇది మా ఇల్లు అన్నారండి. నేను తెలిసి చేసేను, మీరు తెలిసి మానండి అన్నారు. మా నాన్నగారు మా బావకిచ్చి చేస్తానంటే నేను వద్దన్నానండి, ఆవిడ చలవే." నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

మా నాన్న అత్తయ్య తల దగ్గర కూర్చున్నాడు. బాగా ముసలివాడైపోయాడు. "ఒక్కసారి నా ముఖం చూడక్కా" అని మాత్రం అంటూ ఉన్నాడు. ఎవరు లేవమన్నా లేవలేదు.

నేనప్పుడు కూడా ఏడవలేదు. పనులున్నాయి. వచ్చినవాళ్ళకి కాఫీలు, కుర్చీలు, షామియానా. పాప ఆ జనంలో ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి వెళ్ళింది. అందరూ దగ్గరికి తీసుకుని ముద్దులు పెట్టారు. ముక్కు చీదుతూ పెట్టారు, దగ్గుతూ పెట్టారు. వద్దని ఎవరూ అనలేదు.

పెద్దకార్యం ఇంకా కాకముందే పాపకి జ్వరం వచ్చింది. గొంతు నొప్పంది, అన్నం వద్దంది. డాక్టరు చూసి, మామూలు జ్వరమే, రెండు మూడు రోజుల్లో పోతుంది, కంగారు పడకండి అన్నాడు. కంగారు పడొద్దంటే మానేదాన్నా నేను? మధ్యాహ్నం ఇల్లంతా సద్దుమణిగాక దాని పక్కన పడుకున్నాను. వేడి చూద్దామని చెయ్యి మెడ మీద వేస్తే, దవడ కింద వేళ్ళకి గట్టిగా తగిలింది. బిళ్ళ కట్టింది.

మీ పిల్లలకి చిన్న పుండైతే చాలు, బిళ్ళ కడుతుంది. మీకది లెక్కలోది కాదు. మా బాబుకి ఒళ్ళు కాలిపోతున్నా మెడలో ఒక్క బిళ్ళ కట్టలేదు. కట్టడానికి లోపల కణాలుండాలి కదా. కాపలా కణాలు అక్కడ చేరి, సరైన కొక్కెం ఉన్నది దొరికాక, ఒకటికి రెండు, రెండుకి నాలుగు అవుతుంటేనే బిళ్ళ లేస్తుంది. ఈ పిల్ల ఒంట్లో అవి ఎవరివో నాకు తెలుసు.

కుర్చీ ఖాళీ అయింది, కాల్చి వచ్చాం, బూడిద గోదావరిలో కలిపాం. ఆవిడ మాత్రం ఇక్కడ, నా వేళ్ళ కింద, వెచ్చగా పనిలో ఉంది.

అప్పుడొచ్చింది ఏడుపు.

"నొక్కకమ్మా, నొప్పెడుతోంది" అంది పాప.

"నొక్కనులే" అన్నాను. చెయ్యి మాత్రం తియ్యలేదు.